చివరి కుళాయి: విజయవాడలో ఒకే వీధిని పట్టిన డయేరియా కేసు

ఈ కేసు విజయవాడలో, కాలవ గట్టును ఆనుకుని ఉన్న ఒక కాలనీలో జరిగింది. కాలనీ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. నేను ఆ ప్రాంతానికి అర్బన్ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ని. ఆషాఢం, వానలు అప్పుడే మొదలయ్యాయి. ఒక్క వీధిలోనే ముప్పై మందికి పైగా వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. ఎవరూ చనిపోలేదు. చావు లేదు కాబట్టి పేపర్లో జిల్లా పేజీలో రెండు ముక్కల్లో వచ్చి, మర్నాటికి అందరూ మర్చిపోయారు. అయినా రాస్తున్నానంటే కారణం ఒకటే. ఇందులో మాకు దారి చూపించింది జబ్బు పడ్డవాళ్లు కాదు, పడనివాళ్లు. కొత్తగా చేరిన డాక్టర్లు, ఏఎన్ఎంలు రోగి దగ్గరే ఆగిపోతుంటారు. పక్కింటి ఆరోగ్యవంతుణ్ణి కూడా అడగాలని ఎవరూ చెప్పరు.

వీధి సంగతి ముందు చెప్పాలి. మెయిన్ రోడ్డు నుంచి కాలవ వైపుకు పల్లంగా దిగుతుంది. డెబ్భై దాకా గడపలు. కొన్ని డాబాలు, ఎక్కువ రేకుల ఇళ్లు. ఇంటికో కుళాయి ఉంది కానీ ప్రెషర్ చాలదు. అందుకని చాలామంది గడప ముందు రెండడుగుల గుంట తవ్వి, కుళాయిని నేలకన్నా కిందికి దించుకున్నారు. గుంటలో బిందె పెడితేనే నీళ్లు నిండుతాయి. నీళ్లు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వస్తాయి. మిగతా సమయమంతా పైపు ఖాళీ.

ఆ ఖాళీ పైపులోనే ప్రమాదం ఉంది. పైపు నిండుగా, ఒత్తిడితో ఉన్నంతసేపు ఎక్కడ చిల్లు ఉన్నా నీళ్లు బయటికి చిమ్ముతాయే తప్ప లోపలికి ఏదీ రాదు. సరఫరా ఆగగానే కథ తిరగబడుతుంది. పైపు ఏ మురుగు కాలవలో నుంచి పోతుందో ఆ మురుగు చిల్లులోంచి లోపలికి ఇంకుతుంది. ఎవరైనా కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగారంటే నీళ్లు వస్తున్నప్పుడు కూడా అదే జరుగుతుంది. ఫ్యాక్టరీలో శుద్ధి చేసినట్టు కృష్ణ నీళ్లను ఎంత బాగా వడకట్టి, క్లోరిన్ కలిపి పంపినా ఆఖరి వంద గజాల్లో అంతా పాడైపోవచ్చు. 2018 మార్చిలో గుంటూరు పాత పట్నంలో తాగునీటిలో మురుగు కలిసి డయేరియా ప్రబలింది, ప్రాణాలు పోయాయి. మా పక్క జిల్లాలోనే జరిగింది కాబట్టి ఇక్కడి హెల్త్ స్టాఫ్ ఎవరూ దాన్ని మర్చిపోలేదు.

మొదటి కబురు

కబురు ఆసుపత్రి నుంచి రాలేదు. సోమవారం సాయంత్రం మా ఏఎన్ఎం ఫోన్ చేసింది.

"మేడమ్, సందు మొదట్లో మెడికల్ షాపులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు అయిపోయాయంట. మోషన్లు ఆగే బిళ్లలు కూడా. పొద్దుట్నుంచీ అందరూ ఒకే వీధివాళ్లే వస్తున్నారని షాపాయన చెప్తున్నాడు."

మన దేశంలో జబ్బుల మీద నిఘాకు ఐడీఎస్పీ అనే కార్యక్రమం 2004 నుంచి ఉంది. ఏఎన్ఎం లక్షణాలను ఎస్ ఫారంలో రాస్తుంది, డాక్టరు అనుమానించిన జబ్బును పీ ఫారంలో, ల్యాబు తేల్చినదాన్ని ఎల్ ఫారంలో రాస్తారు. 2021 నుంచి ఇదంతా ఐహెచ్ఐపీ అనే పోర్టల్లోకి ఎక్కుతోంది. ఏర్పాటు మంచిదే. కానీ మోషన్లు పట్టుకున్న మనిషి మొదట మా దగ్గరికి రాడు. మెడికల్ షాపుకు పోతాడు, తగ్గకపోతే ఆర్ఎంపీ దగ్గరికి పోయి సెలైన్ పెట్టించుకుంటాడు, అప్పటికీ లేవలేకపోతే పెద్దాసుపత్రి. ఆ మొదటి రెండు మెట్లూ ఏ ఫారంలోనూ కనపడవు. అందుకే మా ఏఎన్ఎంకు ముందే ఒక మాట చెప్పి పెట్టాను, ఏరియాలోని మెడికల్ షాపులవాళ్ల ఫోన్ నంబర్లు నీ దగ్గర ఉండాలని. పై నుంచి వచ్చిన ఆర్డర్ కాదది. కానీ ఈ కేసులో మాకు కనీసం ఒక రోజు కలిసొచ్చింది దానివల్లే.

ఆ రాత్రే ఇద్దరు ఆశాలతో కలిసి వీధిలోకి వెళ్లాం. నాలుగో ఇంట్లో ఒక పెద్దావిడ నులక మంచం మీద పడుకుని ఉంది. కళ్లు లోతుకు పోయాయి, నాలుక పిడచకట్టింది. పొట్ట మీద చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలితే మెల్లగా గానీ సర్దుకోవడం లేదు. మధ్యాహ్నం నుంచి మూత్రం రాలేదని కోడలు చెప్పింది. 108కు ఫోన్ చేసి పంపించాం. మిగతావాళ్లలో చాలామంది తాగగలిగే స్థితిలోనే ఉన్నారు.

అన్నదానం మీద పడ్డ నింద

వీధిలో అందరి నోటా ఒకే మాట. ఆదివారం గంగానమ్మ కొలుపులు జరిగాయి, మధ్యాహ్నం అన్నదానం పెట్టారు. పులిహోర, చక్కెర పొంగలి, సాంబారన్నం, పెరుగన్నం. సోమవారానికి మోషన్లు. ఇంకేం కావాలి? కమిటీ కుర్రాళ్లు టెన్షన్‌తో వణికిపోతున్నారు. వంట మేస్త్రీ ఫోన్ స్విచ్చాఫ్. స్థానిక నాయకుడొకరు నన్ను పక్కకు పిలిచి, "అమ్మవారి ప్రసాదం అని మాత్రం రాయకండి మేడమ్, గొడవలైపోతాయి" అన్నాడు. ఇంకొకాయన అప్పటికే టీవీ వాళ్లకు ఫోన్ చేసేశాడు.

ఇలాంటప్పుడు కారణం వెంటనే చెప్పేయాలని ఒత్తిడి ఉంటుంది. ఫుడ్ పాయిజన్ అని రాసేస్తే అందరికీ సులువు. వంటవాడి మీద పోతుంది, కేసు మూసేయొచ్చు. మేం ఏ మాటా అనకుండా నోట్‌బుక్ తెరిచాం.

ఎవర్ని కేసుగా లెక్కపెట్టాలో ముందు రాసుకున్నాం: ఈ వీధిలో ఉంటూ, గత శుక్రవారం నుంచి, ఒక రోజులో మూడుసార్లు లేదా అంతకన్నా ఎక్కువగా నీళ్ల విరేచనాలైనవాళ్లు. శుక్రవారం నుంచి అని కావాలనే పెట్టాం. ఆదివారం నుంచి లెక్కపెడితే అన్నదానానికి ముందున్న కేసు ఉన్నా కనపడదు. మనం వేసిన వలే మన అనుమానాన్ని రుజువు చేసేస్తుంది.

తర్వాత ఇంటింటికీ తిరిగి లైన్ లిస్ట్ రాశాం. వయసు, డోర్ నంబర్, మొదటి మోషన్ ఏ రోజు ఏ పూట, అన్నదానంలో తిన్నారా, తాగే నీళ్లు ఎక్కడివి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. వరసకు ఒక మనిషి. సర్వే ఫారాల్లాగా యాభై ప్రశ్నలు పెడితే మూడో ఇంటికే జనం విసుక్కుంటారు, ఆరు చాలు.

మంగళవారం పొద్దున ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లాను. మనవాళ్లు చాలామంది ఆర్ఎంపీలను గసరడమే పనిగా పెట్టుకుంటారు. నేను కుర్చీ లాక్కుని కూర్చుని, మీ పుస్తకం చూపిస్తారా అన్నాను. ఆయన పాపం బిల్లుల పుస్తకం వెనక పేజీల్లో పేర్లు, డబ్బులు రాసుకున్నాడు. శనివారం రాత్రి ఎనిమిది గంటలకు ఒక తాపీ కూలీకి, అర్ధరాత్రి ఇంకొకామెకు సెలైన్ ఎక్కించినట్టు అందులో ఉంది. ఇద్దరిదీ అదే వీధి, కాలవ వైపు చివర. అన్నదానం అప్పటికి ఇంకా జరగనే లేదు.

లైన్ లిస్టు కూడా అదే చెప్పింది. తిండి పాడై జబ్బు చేస్తే తిన్నవాళ్లంతా దాదాపు ఒకే సమయానికి పడిపోతారు. కొన్ని క్రిముల విషం గంటల్లోనే పనిచేస్తుంది, సాల్మొనెల్లా లాంటివైతే ఒకటి రెండు రోజులు పడుతుంది. ఏదైనా ఒక్కసారిగా లేచి, తగ్గిపోతుంది. ఇక్కడ శనివారం ఇద్దరు, ఆదివారం కొందరు, సోమవారం ఎక్కువ, మంగళవారం మళ్లీ కొత్తవాళ్లు. ఏడాది నిండని పిల్లలిద్దరు, పులిహోర ముఖం కూడా చూడనివాళ్లు, జబ్బు పడ్డారు. పక్క వీధి నుంచి వచ్చి కడుపునిండా తిన్న పాతికమందిలో ఒక్కరికీ ఏమీ కాలేదు. అమ్మవారి మీదా, వంట మేస్త్రీ మీదా ఉన్న నింద అక్కడితో తీరిపోయింది. ఆ సాయంత్రానికి ఆయన ఫోన్ ఆన్ అయింది.

జబ్బు పడనివాళ్లు

వీధి మ్యాపు మా దగ్గర సిద్ధంగా ఉంది, పల్స్ పోలియో మైక్రోప్లాన్ కోసం ఏఎన్ఎం చేత్తో గీసింది. ఏ ఇల్లు ఏ వరసలో ఉందో, తాళం వేసిన ఇల్లు ఏదో, అన్నీ ఉంటాయి అందులో. దేశంలో ఆఖరి పోలియో కేసు వచ్చింది 2011 జనవరిలో. ఇంకా ఈ మ్యాపులెందుకు అని విసుక్కునే స్టాఫ్ ఉన్నారు. ఇలాంటి రాత్రి ఒక్కటి వస్తే తెలుస్తుంది వాటి విలువ. కేసు వచ్చిన ఇంటి మీద ఎర్ర స్కెచ్‌తో చుక్క పెట్టుకుంటూ పోయాం. వీధి మొదట్లో ఒకటీ అరా, మధ్యలో అక్కడక్కడ, కాలవ వైపు చివర దగ్గర దగ్గరగా చుక్కలు.

అయితే చుక్కలు లేని ఇళ్లు కూడా చివర్లో ఉన్నాయి. మా అసలు పని అక్కడ మొదలైంది. ఆ ఇళ్లకు వెళ్లి, మీరేం చేస్తున్నారు, మీకెందుకు రాలేదు అని అడిగాం. వాళ్లకు మా ప్రశ్న వింతగా తోచింది. "మాకేం జబ్బు లేదండీ, అవతలింటికి వెళ్లండి" అని తలుపు వేయబోయారు కొందరు.

ఎక్కువ ఇళ్లలో జవాబు మామూలే, ఇరవై లీటర్ల డబ్బా నీళ్లు కొనుక్కుంటున్నారు. కానీ డబ్బా కొనే ఒక ఇంట్లో తాతగారొక్కరే పడ్డారు, మిగతా ఐదుగురూ బాగున్నారు. ఆ ఇల్లు మమ్మల్ని కాసేపు తికమక పెట్టింది. కోడలు గట్టిగా చెప్తోంది, "మామయ్యగారు కూడా డబ్బా నీళ్లేనండీ తాగేది" అని. ఆయన్నే అడిగితే నవ్వాడు. ఆ నీళ్లకు రుచీ పచీ ఉండదు, బీపీ బిళ్ల వేసుకునేటప్పుడు కుండలో నీళ్లే ముంచుకుంటా, మా కోడలికి చెప్పకండి అన్నాడు. కుండలోవి కుళాయి నీళ్లు.

వీధిలో ఉండని ఇద్దరు ఆటో డ్రైవర్లకు కూడా మోషన్లయ్యాయి. వాళ్లిద్దరూ రోజూ పొద్దున ఆ చివరి టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటారు. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది, దానితో భయం లేదు. చట్నీ జారుగా రావడానికి కలిపే నీళ్లు కాచినవి కావు.

అన్నిటికన్నా పెద్ద ఆధారం ఇచ్చింది చివరి నుంచి మూడో ఇంటి మామ్మగారు. ఒంటరి మనిషి. డబ్బా కొనదు, కాచుకోదు, కుళాయి నీళ్లే తాగుతుంది. చుట్టూ నాలుగిళ్లలో జబ్బు ఉంది, ఆవిడ మాత్రం నిక్షేపంలా ఉంది.

"మామ్మగారూ, నీళ్లు ఎప్పుడు పట్టుకుంటారు?"

"వదలగానే పడతానమ్మా. కాకపోతే మొదటి రెండు బిందెలూ మల్లెపాదుకు పోసేస్తాను. ఆ నీళ్లు కంపు కొడతాయిగా."

"ఎన్నాళ్ల నుంచి?"

"వానలు పడ్డ కాడ్నించీ."

ఆవిడకు నీళ్ల అవసరం తక్కువ. రెండు బిందెలు పారబోసినా సరిపోతుంది. ఎదురింట్లో నలుగురు పిల్లలు, అత్తామామలు. చివరి ఇళ్లకు సన్నధార వచ్చేదే కాసేపు. మొదటి బిందె వదులుకుంటే స్నానాలకో వంటకో తక్కువవుతుంది. వాళ్లకూ వాసన తెలుసు. అయినా పట్టుకున్నారు, పట్టుకోక తప్పదు కాబట్టి. శుభ్రత తెలియని జనం అని ఆఫీసుల్లో తేలిగ్గా అనేస్తుంటారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

పసుపు రంగు, నల్ల సీసా

బుధవారం తెల్లవారుజామున నీళ్లు వదిలే వేళకు నీళ్ల పనులు చూసే వార్డు ఎమినిటీస్ సెక్రటరీ, ఫిట్టరు, నేను వీధిలో ఉన్నాం. చేతిలో క్లోరోస్కోప్. గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే క్లోరిన్ అంత ఎక్కువ. ఇంటి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారత ప్రమాణం.

వీధి మొదట్లో గొట్టం చక్కటి పసుపుకు తిరిగింది. మధ్యలో లేత పసుపు. చివరి కుళాయి మొదటి బిందెలో ఏ రంగూ లేదు. నీళ్లు ఎలా ఉన్నాయో అలాగే. దగ్గర పెట్టుకుంటే డ్రైనేజీ వాసన. పావుగంట ఆగి అదే కుళాయిలో మళ్లీ పడితే లేతగా పసుపు వచ్చింది. మామ్మగారి మల్లెపాదు లెక్క సరిపోయింది. రిజిస్టర్లో అన్ని రోజులూ క్లోరిన్ బ్రహ్మాండంగా ఉంది, ఎందుకంటే రోజూ టెస్ట్ చేసేది వీధి మొదట్లో రోడ్డు పక్క కుళాయి దగ్గర. రీడింగులో అబద్ధం లేదు. తీసిన చోటే తేడా.

హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాల్లో కూడా నీళ్లు పట్టి పెట్టాం. చివరి కుళాయి సీసా మర్నాటికి సిరాలా నల్లబడింది, మొదటి కుళాయిది మారలేదు. మలం కలిసిన నీళ్లకు అది గుర్తు. ల్యాబుకు పంపిన నీటిలో ఈ-కోలీ, అంటే మలంతో వచ్చే బ్యాక్టీరియా, ఉన్నట్టు తర్వాత రిపోర్టు వచ్చింది. ప్రమాణం ప్రకారం వంద మిల్లీలీటర్ల తాగునీటిలో ఈ-కోలీ ఒక్కటి కూడా కనపడకూడదు. కానీ ఆ కాగితం కోసం మేం ఆగలేదు. ఆగాల్సిన పని కూడా లేదు, నల్ల సీసా చూపిస్తే చాలు, ఎవరికైనా అర్థమవుతుంది. ఆ సీసాను వీధిలో అందరికీ చూపించాం. కరపత్రాలు వంద పంచినా రాని భయం దానితో వచ్చింది.

ఆ పొద్దునే ఇంకో విచిత్రం జరిగింది. మేం వీధిలో ఉండగా కరెంటు పోయింది. పోయిన నిమిషంలో చివరి ఇళ్ల ఆడవాళ్లు కేకలేశారు, ధార జోరుగా వస్తోందని. కరెంటు వచ్చాక మళ్లీ సన్నబడింది. ఫిట్టరు నా వైపు చూసి, "మోటార్లు మేడమ్" అన్నాడు. వీధి మధ్యలో కొన్ని డాబాల వాళ్లు కుళాయికి నేరుగా మోటార్లు బిగించి పైన ట్యాంకులకు ఎక్కిస్తున్నారు. వాళ్లు లాగేకొద్దీ కింది వైపు పైపులో ఒత్తిడి పడిపోతోంది. ఒత్తిడి లేని చోట మురుగుకు దారి దొరుకుతుంది.

దారి ఎక్కడన్నది ఫిట్టరు కనిపెట్టాడు. వీధి పక్క మురుగు కాలవ పూడిక తీయించి, కరెంటు లేకుండా నీళ్లు వదలమన్నాడు. కాలవలో ఒకచోట నీళ్లు బుడబుడమని పైకి తేలాయి. చేత్తో తడిమి పైకి లాగితే తుప్పు పట్టిన పైపు, దాని జాయింటు చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క, మీద బైండింగ్ వైరు. వేసవిలో ఎవరో ఇంటి ముందు అరుగు కట్టుకుంటూ, పైపు అడ్డొస్తోందని ప్రైవేటు ప్లంబరుతో కాలవలోకి జరిపించారు. వేసవిలో కాలవ ఎండి ఉంది కాబట్టి ఏమీ కాలేదు. వానలకు కాలవ నిండి, పైపు మునిగింది.

ఆపడం

ఆ రోజే ఆ వీధి లైను మూయించి ట్యాంకర్లు తెప్పించాం. ట్యాంకరు వస్తే చాలదు, ప్రతి ట్యాంకరు నీళ్లలోనూ గొట్టంలో పసుపు రంగు చూశాకే పట్టుకోనిచ్చాం. ఒక ట్యాంకరును వెనక్కి పంపాల్సి వచ్చింది. డ్రైవరు గొణిగాడు, ఆడవాళ్లు మాత్రం అప్పట్నుంచి తామే "రంగు చూపించు" అని అడగడం మొదలుపెట్టారు. ఫిట్టర్లు పాత ముక్క కోసేసి, కొత్త పైపును కాలవకు పైన, గోడకు క్లాంపులు కొట్టి వేశారు. క్లోరిన్ మోతాదు పెంచి లైనంతా కడిగి, చివరి కుళాయి నుంచి పారబోశాక, అక్కడ వరసగా రెండు పూటలు సరైన రీడింగు వచ్చాకే నీళ్లు వదిలారు.

చికిత్స విషయంలో పెద్ద తలనొప్పి సెలైన్. అంగన్‌వాడీ గదిలో ఓఆర్ఎస్ పాయింటు పెట్టి, కలిపిన ద్రావణం గ్లాసుల్లో ఇస్తుంటే ఒకామె మనవడితో వచ్చి, "ఉప్పునీళ్లకేనా డాక్టరమ్మా ఇంత దూరం రమ్మంది? బాటిల్ ఎక్కించరూ" అంది. ఆమె తప్పేం లేదు, ఆమె చూసిన వైద్యమంతా బాటిలే. పేగులో గ్లూకోజు ఉప్పును వెంటబెట్టుకుని లోపలికి పోతుంది, వాటి వెనకే నీళ్లు పోతాయి. మోషన్లు అవుతున్నా ఈ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరాల్లో కలరాతో చనిపోతుంటే, సెలైన్ చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లే తాగించి వేలమందిని నిలబెట్టారు. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు. అదంతా ఆమెకు చెప్పలేదు. పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, నిమిషానికో చెంచా చొప్పున పట్టించాను. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ. మధ్యాహ్నానికి వాడు లేచి బిస్కెట్ అడిగాడు. తర్వాత ఆమే పక్కవాళ్లకు చెంచాతో పట్టడం చూపించింది.

ఓఆర్ఎస్ కలపడంలో ఇళ్లలో జరిగేది వేరు. లీటరు ప్యాకెట్టును చిటికెడు చిటికెడు గ్లాసులో వేసుకుంటారు, లేదా మొత్తం ఒకే గ్లాసులో ఒంపుతారు. రెండూ పనికిరావు, రెండోదైతే హాని కూడా. లీటరు ప్యాకెట్టు మొత్తం లీటరు శుభ్రమైన నీళ్లలో కలిపి, ఒక్క రోజులో వాడేయాలి. చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకు ఉంటాయి, మీద చదివి చూసుకోవాలి. ఇంకో సంగతి. పిల్లలకు ఓఆర్ఎస్ పేరుతో రంగురంగుల అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు ఇచ్చినవాళ్లు ఈ వీధిలోనూ ఉన్నారు. వాటిలో చక్కెర ఎక్కువ, మోషన్లు పెరుగుతాయి. హైదరాబాద్‌కు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాటే వాడకూడదని ఆదేశించింది. పిల్లలకు ఓఆర్ఎస్‌తో పాటు పద్నాలుగు రోజులు జింక్ బిళ్లలు ఇచ్చాం. మూడో రోజుకే మోషన్లు ఆగిపోతాయి, తల్లులు బిళ్లలు మానేస్తారు. అందుకని ఆశాలు ఇంటికెళ్లి ఖాళీ అయిన పట్టీని చూసి వచ్చారు.

పనికిరానివి కూడా జరిగాయి, అవీ చెప్పాలి. మూడో రోజు అధికారులు వస్తున్నారని వీధి రెండు వైపులా బ్లీచింగ్ పౌడరు చల్లించారు. సంక్రాంతి ముగ్గులా తెల్లగా, ఫోటోల్లో అందంగా ఉంటుంది. రోడ్డు మీద పౌడరు వల్ల పైపులో నీళ్లు బాగుపడవు. అదే పౌడరు రెండున్నర గ్రాములు, తాజాగా ఘాటుగా ఉన్నది, వెయ్యి లీటర్ల నీళ్లను శుద్ధి చేయగలదు. ఆ బస్తా డ్రమ్ములకు, ట్యాంకులకు పోవాల్సింది.

మైకులో "నీళ్లు కాచి చల్లార్చి తాగండి" అని ఆటో తిప్పడం ఇంకొకటి. సలహాలో తప్పు లేదు. కానీ ఆరుగురున్న ఇంట్లో రోజుకు పదిహేను లీటర్లు కాచాలంటే గ్యాస్ బండ ఎన్నాళ్లు వస్తుంది? కూలి పనికి ఆరింటికే వెళ్లిపోయే ఆమె ఎప్పుడు కాచాలి, ఎప్పుడు చల్లార్చాలి? మేం మాట మార్చాం. పిల్లలు తాగేవి కాచండి, మిగతా బిందెల్లో క్లోరిన్ బిళ్ల వేయండి, అరగంట ఆగి తాగండి. ఇరవై లీటర్లకు ఒక బిళ్ల. వాసన అని మొహం చిట్లించారు. మూత తీసి ఉంచితే, లేదా రాత్రి వేసి పొద్దున తాగితే వాసన తగ్గుతుందని ఆశాలు ఇంటింటికీ వేసి చూపించారు. వేసిన ఇంట్లో మర్నాడు గొట్టంతో పరీక్ష చేశాం. రంగు రాని ఇంట్లో బిళ్ల పర్సులోనే ఉందన్నమాట. తిట్టలేదు, ఇంకోసారి వేసి చూపించాం.

తర్వాత

లైను మూసిన రెండో రోజు నుంచి కొత్త కేసులు తగ్గాయి, ఆ వారంలోనే ఆగిపోయాయి. ఏ క్రిమి అన్నది చివరికీ తేలలేదు. కలరా అనుమానంతో పంపిన శాంపిళ్లలో కలరా లేదని వచ్చింది. అయితే శాంపిల్ తీసే సమయానికి చాలామందికి యాంటీబయాటిక్ పడింది, కాబట్టి ఆ జవాబును నేను పూర్తిగా నమ్మను. ఇప్పుడు ఆర్ఎంపీతో ఒక ఒప్పందం ఉంది. ఒకే వీధి నుంచి ఇద్దరు వస్తే మందు ఇచ్చే ముందే మాకు ఫోన్ చేస్తాడు, మా ల్యాబ్ టెక్నీషియన్ శాంపిల్ పాడవకుండా ల్యాబుకు చేర్చే క్యారీ-బ్లెయిర్ గొట్టంతో వెళ్లి శాంపిల్ తీసుకుంటాడు. కలరా గరిష్ఠంగా ఐదు రోజుల్లో బయటపడుతుంది కాబట్టి, దానికి రెట్టింపు, ఆఖరి కేసు తర్వాత పది రోజులు నిఘా పెట్టి అప్పుడు పోర్టల్లో మూసేశాం.

క్లోరిన్ టెస్ట్ చేసే చోటు మార్చారు. మా వార్డులో ప్రతి వీధికీ చివరి కుళాయి ఏదో గుర్తించి, దాని డోర్ నంబరు రిజిస్టర్లో ఎక్కించాం. నీళ్లు వదిలిన మొదటి ఐదు నిమిషాల్లోనే, మొదటి బిందెలోనే టెస్ట్ జరగాలి. గొట్టం ఫోటో వాట్సాప్ గ్రూపులో పడాలి, అందులో ఇంజనీరింగ్ వాళ్లూ ఉంటారు, మేమూ ఉంటాం. రంగు లేకపోతే ఫిట్టరు ఆ రోజే వెళ్తాడు. కేసుల కోసం ఎదురుచూడక్కర్లేదు. మొదట్లో ఫోటోలు మధ్య కుళాయివి పంపారు, గోడ రంగు చూసి పట్టుకున్నాం.

మోటార్ల సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. నోటీసులిస్తే విప్పేస్తారు, నెలకు మళ్లీ బిగిస్తారు. డాబాల వాళ్లను పిలిచి నల్ల సీసా చూపించి మాట్లాడితే కొందరు మెత్తబడ్డారు. ఇంటి ముందు కింద సంపు కట్టుకుని, కుళాయి నీళ్లు దానంతటవే సంపులో పడ్డాక అక్కడి నుంచి మోటారు పెట్టుకోవచ్చని ఇద్దరు ఒప్పుకుని కట్టించారు. మిగిలినవాళ్ల కోసం, నీళ్లొచ్చే వేళకు వీధి కరెంటు ఆపడం కుదురుతుందా అని అడిగాం. కొన్నాళ్లు ఆపారు. పొద్దున మిక్సీలు ఆగిపోతున్నాయి, పిల్లలకు క్యారేజీలు ఆలస్యమవుతున్నాయి అని గోల రావడంతో మానేశారు. ఇప్పుడు ఎమినిటీస్ సెక్రటరీ చెప్పాపెట్టకుండా అప్పుడప్పుడు నీళ్ల వేళకు వీధిలో నడుస్తాడు. మోటారు చప్పుడు వినపడిన ఇంటి కనెక్షన్ మూయిస్తాడు. అదే కాస్త పనిచేస్తోంది.

మురుగు కాలవల్లోంచి పోయే పైపులు వార్డులో ఇంకెక్కడ ఉన్నాయో ఆశాలు, శానిటేషన్ సెక్రటరీ కలిసి నడిచి లిస్టు తీశారు. పోలియో మ్యాపు మీదే నీలం రంగుతో గీశాం. కొన్ని పైకి లేపారు. మిగతావి ఎస్టిమేట్ల దగ్గర ఉన్నాయి. అవి మారేదాకా ఆ ఇళ్లకు వానాకాలమంతా క్లోరిన్ బిళ్లలు ఆశాలే తీసుకెళ్లి ఇస్తున్నారు, వెళ్లినప్పుడల్లా మొదటి బిందె వాసన ఎలా ఉందో అడిగి వస్తున్నారు.